ఒకే కాయ, రెండు పాత్రలు
ఒలీవ కాయలను ఊరవేయు విధములు, వానివలన మన సంఘములు నేర్వదగిన పాఠము

గత వేసవిలో మేమొక సహకార సంఘపు సభకు పోయియుండగా, పట్టణమునుండి వచ్చిన ఒక యువసభ్యుడు తన సంచిలోనుండి రెండు వస్తువులను తీసి బల్లమీద నుంచెను. ఒకటి గాజు సీసా. అందులో పచ్చని కాయలు ఉప్పునీటిలో నుండెను. రెండవది రేకు డబ్బా. దానిని కోయగా బొగ్గువలె నల్లని కాయలు కనబడెను. పైచీటీలను చదువగా రెండును ఒలీవలే. సభ్యులందఱు తలకొకటి రుచిచూచిరి. అప్పుడొక వృద్ధరైతు, "ఏమండీ అయ్యగారూ, రెండును ఒకే చెట్టు కాయలంటిరి గదా, పచ్చవాటిని గాజులోను, నల్లవాటిని రేకులోను ఏల పెట్టినారు?" అని మమ్మడిగెను. "వర్తకుల వాడుకయై యుండును" అని చెప్పి మేము తప్పించుకొంటిమి.

ఆ సభలోనే మఱియొక విషయము చర్చకు వచ్చెను. సభ్యులు కొందఱు లేత మొక్కజొన్న పొత్తులను, మునగకాడ ముక్కలను పలుచని ఉప్పునీటిలో వేసి, గాజు సీసాలలో బిగించి, పెద్ద గుండిగలో ఉడికించి, సంఘము పేర అమ్మదలచిరి. మచ్చునకు నలువది సీసాలు అప్పటికే సిద్ధమైయుండెను. చూచుటకు ముచ్చటగా నున్నవి. మేమును బాగున్నదని తల యూపితిమి.

ఇంటికి వచ్చి వృద్ధరైతు ప్రశ్నను గూర్చి పుస్తకములు తిరుగవేయగా, మా జవాబు తప్పనియు, మా తలయూపు అంతకంటె పెద్ద తప్పనియు తెలిసికొంటిమి. ఆ ప్రశ్నకు సమాధానమును, ఆ సీసాల విషయములో హెచ్చరికయు ఒక్కటే. దానిని సభ్యులెల్లరకు తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

చెట్టు, కాయ

ఒలీవ యను పేరు తెలుగువారికి బైబిలు అనువాదమువలన చిరకాలముగా తెలిసినదే. జలప్రళయము తీసిన పిమ్మట పావురము నోట కఱచుకొని వచ్చినది ఒలీవ ఆకే. మిషను పాఠశాలలో ఆ కథను వల్లించిన మేము, కాయను మాత్రము నలువది యేండ్లు దాటిన తరువాతనే రుచిచూచితిమి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టును మన మల్లె, పారిజాతములు చేరిన కుటుంబములోనే చేర్చిరి. మధ్యధరా సముద్రపు తీరదేశములు దీనికి నెలవు. చలికాలపు చలి తగినంత లేనిదే ఇది సరిగా పూయదు. రాజస్థానములో 2008 ప్రాంతమున ఇజ్రాయేలు నిపుణుల సాయముతో దీని తోటలు వేసిరి గాని, మన నేలలో దీనిని నాటుడని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ కాయను వారు బాగుచేయు తీరులోనే మనకు కావలసిన పాఠమున్నది.

లోకములో పండు ఒలీవలలో అధికభాగము నూనె గానుగకే పోవును. సుమారు పదవ వంతు మాత్రము తినుటకై ఊరవేయబడును. పచ్చ ఒలీవ, నల్ల ఒలీవ అనునవి రెండు జాతులని తలచుట పొరపాటు. లేతగా నున్నప్పుడు పచ్చగాను, దోరవయసున ఊదాగాను, పండినప్పుడు నల్లగాను ఉండునది ఒకే కాయ.

ఈ కాయను చెట్టునుండి కోసి కొఱికినవాడు రెండవమారు కొఱుకడు. అంతటి చేదు. ఒల్యూరోపీను అను పదార్థము ఆ చేదునకు కారణము. ఒలీవను బాగుచేయు పద్ధతులన్నియు ఈ చేదును పోగొట్టుటకును, పోగొట్టిన పిమ్మట కాయ చెడకుండ కాపాడుటకును ఏర్పడినవే. చేదును తీయుటకు సాధనములు నాలుగు: నీరు, ఉప్పు, క్షారము, కాలము. చెడకుండ కాపాడుటకు సాధనములు ముఖ్యముగా మూడు: పులుపు, ఉప్పు, వేడి. ఈ మూడింటిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

స్పెయిను దేశపు పచ్చ ఒలీవలు

స్పెయిను దేశమున సెవిల్ పట్టణ ప్రాంతమున మంజనిల్లా, గోర్డల్ మొదలగు రకములను సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పచ్చగా నుండగనే కోయుదురు. మేలైన కాయను చేతితోనే కోయుదురు. దెబ్బ తగిలిన కాయపై మచ్చ పడి వెల తగ్గును.

కోసిన కాయను కాష్టిక్ సోడా కలిపిన నీటిలో నానవేయుదురు. నూరు లీటర్ల నీటికి రెండు మూడు కిలోల సోడా పట్టును. సుమారు 6 మొదలు 10 గంటలలో ఆ క్షారము తోలును దాటి కండలోనికి దిగి చేదును విఱుచును. ఇచ్చట పనివాని నేర్పు కావలెను. క్షారము గింజవరకు పోరాదు. కండలో మూడింట రెండు వంతులు, లేక నాలుగింట మూడు వంతులు తడిసినంతనే ఆపవలెను. ఇందుకై కాయలను నడుమకు కోసి చూచుచుందురు. ఫినాల్ఫ్తలీను అను మందు చుక్క వేసినచో, క్షారము తాకిన మేర గులాబిరంగు తిరుగును. మిగిలిన కండలోని తీపి తరువాతి పులియుటకు ఆధారము. ఆ సోడానీరు చేతులను, కన్నులను కాల్చునట్టిది గనుక ఎవ్వరును ఇంట ప్రయత్నింపరాదు.

తరువాత కాయను మంచినీట కడిగి, నూటికి పది పండ్రెండు పాళ్ల ఉప్పు గల నీటిలో వేయుదురు. పూర్వము కొయ్య పీపాలు వాడిరి. నేడు పెద్ద కర్మాగారములలో గాజునార తొట్లు వాడుచున్నారు. ఒక్కొక్క తొట్టి 16,000 లీటర్లది, పది టన్నుల కాయ పట్టును. పెరుగును తోడుపెట్టు సూక్ష్మజీవుల జ్ఞాతులే ఇచ్చటను పనిచేయును. కాయలోని తీపి ఉప్పునీటిలోనికి దిగగా, అవి దానిని పులుపుగా మార్చును. కొన్ని నెలలకు కాయ పసుపుపచ్చ చాయ తిరిగి, కమ్మని పులుపు నొందును.

పని అంతటితో ముగియలేదు. చలికాలము పోయి ఎండ ముదురునప్పుడు, పులుపు చాలక, ఉప్పును చాలకున్నచో, తొట్టిలో దుర్వాసన పుట్టును. దానిని వారు జపాతేరా అందురు. ఆ తొట్టి కాయ పనికిరాదు. అందుచే వేసవికి ముందే ఉప్పును నూటికి ఎనిమిది పాళ్లకు తక్కువ కాకుండ హెచ్చింతురు. వర్షాకాలము రాకముందు ఆవకాయ జాడీలను కదిపి చూచు మన గృహిణులకు ఈ జాగ్రత్త క్రొత్త కాదు.

ఊరిన కాయను ఏరి, గింజను యంత్రముతో తీసి, ఆ ఖాళీలో ఎఱ్ఱ మిరప ముద్దను కూరుట ఈ దేశపు ప్రత్యేకత. కారము లేని ఎఱ్ఱ మిరపను నూరి, సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు కలిపి, పలుచని పట్టీలుగా గడ్డకట్టించి, ముక్కలు కోసి కూరుదురు. పిదప సీసాలో క్రొత్త ఉప్పునీరు పోసి బిగింతురు. కాయయే పుల్లనిది గనుక, నీరు మరుగు వేడికంటె తక్కువ వేడి చూపినను చాలును. గాజు సీసా ఆ వేడికి సులభముగా ఓర్చును.

గ్రీకుల పద్ధతులు

గ్రీసు దేశమున పండిన నల్ల కాయకు క్షారము వాడకయే ఊరవేయు పద్ధతి కలదు. కొన్సెర్వోలియా యను రకమును పండనిచ్చి కోసి, నూటికి ఎనిమిది పది పాళ్ల ఉప్పునీటిలో వేసి వదలుదురు. తోలు చీలలేదు గనుక చేదు మెల్లమెల్లగా నీటిలోనికి దిగును. అందుకు అరసంవత్సరము మొదలు సంవత్సరము వరకు పట్టును. త్వరపడువానికి ఈ పని తగదు. తీసిన పిమ్మట కాయను కొంతసేపు గాలి సోకనిచ్చినచో నల్లదనము నిలుచును.

కలమాతా యను పేరుగల కాయ బాదముగింజవలె కొనదేరియుండును. దానిని నిలువున గాట్లు పెట్టి, నీరు మార్చుచు చేదు తీసి, ద్రాక్ష సిర్కాతో పులుపు చేర్చి, పైన కొంచెము ఒలీవ నూనె పోయుదురు. థాసోస్ ద్వీపమున కాయను చెట్టుమీదనే ముడుతలు పడువరకు ఉంచి, కోసి, ఱాతి ఉప్పును పొరలుపొరలుగా చల్లుదురు. ఉప్పు కాయలోని నీటిని లాగివేయును. కాయ ఎండుద్రాక్షవలె ముడుచుకొనును. మనము మామిడి ముక్కలను ఉప్పులో ఊరవేసి ఎండబెట్టు తీరునకు ఇది చాల దగ్గఱ.

సైప్రసు ద్వీపమున పచ్చికాయను ఱాతితో చితుకగొట్టి, దినదినమును నీరు మార్చి, వెల్లుల్లి, నిమ్మ, ధనియాలు చేర్చుకొని తిందురు. ఇటలీలోని సిసిలీ ద్వీపమున కాస్తెల్‌వెత్రానో అను నిగనిగలాడు పచ్చ ఒలీవను క్షారముతో చేదు తీసి, పూర్తిగా పులియనీయకయే ఉంచుదురు. రుచి తియ్యగా నుండును గాని, పులుపు లేనందున దానిని చల్లని తావున భద్రపఱుపవలసియుండును. పులుపు తగ్గినచోట వేఱొక కావలి కావలసివచ్చినదని గమనింపుడు.

కాలిఫోర్నియా నల్ల ఒలీవ

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు 18వ శతాబ్దిలో స్పెయిను దేశపు క్రైస్తవ సన్న్యాసులు ఒలీవను తెచ్చి తమ మఠముల యొద్ద నాటిరి. అందుచే ఆ రకమునకు మిషన్ అనియే పేరు నిలిచినది. అచ్చటి నల్ల ఒలీవ పరిశ్రమను నిలబెట్టినది ఫ్రెడా ఏమన్ అను జర్మను వితంతువు. ఆమె 1839లో పుట్టినది. తోటలమీద పెట్టిన ధనము పోయి, కాయకు వెల రాక కుటుంబము చిక్కులలో నుండగా, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడగు యూజీన్ హిల్గార్డు సలహాను పొంది, 1897లో తన యింటి వెనుక వసారాలో పీపాలు పెట్టి కాయలను బాగుచేసెను. అప్పటికామె వయస్సు అరువదికి సమీపించినది.

ఈ పద్ధతిలో కాయను క్షారములో ఒకమారు కాక మూడు నాలుగు మారులు నానవేసి, నడుమనడుమ నీటిలో గాలిని ఊదుదురు. గాలి తగిలి కండ గింజవరకు నల్లబడును. ఆ రంగు నిలుచుటకు ఇనుపలవణ మొకటి స్వల్పముగా చేర్చుదురు. కావున డబ్బాలోని ఈ నల్లని కాయ చెట్టుమీద పండి నల్లబడినది కాదు, పచ్చగా కోసి నల్లగా చేసినది. ఇందులో పులియుట లేదు, పులుపు లేదు. ఉప్పును నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. చప్పగా, మెత్తగా, పిల్లలకు సయితము నచ్చునట్లుండును. ఆ మెత్తదనములోనే ఆపద దాగియున్నది.

1919వ సంవత్సరము

1919 ఆగస్టులో ఒహాయో రాష్ట్రపు కాంటన్ పట్టణమున ఒక విందులో గాజు సీసాలలో వచ్చిన కాలిఫోర్నియా నల్ల ఒలీవలను వడ్డించిరి. తిన్నవారికి కొలది దినములలో చూపు మసకబారి, మాట తడబడి, మ్రింగుట కష్టమై, ఊపిరి అందకుండెను. ఏడుగురు మరణించిరి. ఆ మాసములలోనే అమెరికాలోని ఇతర పట్టణములందును ఇట్టి మరణములు సంభవించెను. వైద్యులు శోధించి, బాటులిజము అను విషవ్యాధియని తేల్చిరి.

ఈ విషమును పుట్టించు సూక్ష్మజీవి మట్టిలో నుండునది. దాని విత్తులు కాయతోను, కూరగాయతోను వంటయింటికి వచ్చును. గాలి తగులుచోట అది పెరుగదు. గాలి చొఱని సీసాలో, పులుపు లేనిచోట, ఉప్పు తక్కువైనచోట పెరిగి విషము గ్రక్కును. నీరు మరుగు వేడికి, అనగా 100 డిగ్రీలకు, ఆ విత్తులు చావవు. గంటలకొలది ఉడికించినను మిగిలియుండవచ్చును. ఒకప్పుడు మూత ఉబ్బును, వాసన మాఱును. ఒకప్పుడు ఏ గుర్తును కనబడదు, రుచియు మాఱదు.

నాటి గాజు సీసాలు మరుగు నీటి వేడికి మించి ఓర్వలేకపోయెను. కాబట్టి వానిలోని నల్ల ఒలీవలకు చాలినంత వేడి తగులలేదు. ఇంగువకట్టిన మూతవలె సీసా బిగువుగా మూయబడెను గాని, శత్రువు లోపలనే యుండెను. 1920లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖవారు నల్ల ఒలీవలను ఆవిరి ఒత్తిడిగల పాత్రలో 240 ఫారెన్‌హీటు డిగ్రీల వేడిలో, అనగా సుమారు 116 సెంటీగ్రేడు డిగ్రీలలో, 40 నిమిషములు ఉంచవలెనని నియమించిరి. 1925లో డబ్బా కర్మాగారముల తనిఖీకి ప్రత్యేక చట్టము వచ్చెను. ఆ వేడిని ఓర్చునది రేకు డబ్బా గనుక నల్ల ఒలీవ డబ్బాలోనికి మాఱెను. పచ్చ ఒలీవకు పులుపే కావలి గనుక అది గాజులోనే నిలిచెను.

ఇదియే ఆ వృద్ధరైతు ప్రశ్నకు సమాధానము. అది వర్తకుల వాడుక కాదు, ఏడుగురి ప్రాణములు నేర్పిన పాఠము.

కాయల లెక్క, పైచీటి

కట్టుట యన్నచో పాత్ర నొక్కదానినే చూడరాదు. ఒలీవలను కిలోకు ఎన్ని కాయలు తూగునో ఆ లెక్కనుబట్టి తరగతులు చేయుదురు. 60 మొదలు 70 కాయలు తూగునది పెద్దకాయ, 201 మొదలు 230 తూగునది చిన్నకాయ. ఆ యంకెను పైచీటిపై ముద్రింతురు. కొనువాడు సముద్రమునకు ఆవల నున్నను, మూత తెఱువకయే తనకు వచ్చునదేమో తెలిసికొనును. చిత్తూరు జిల్లాలో కుప్పము ప్రాంతపు రైతులకు ఈ లెక్క తెలిసినదే. వారు పండించు గెర్కిను దోసకాయలును కిలోకు ఇన్నియని తరగతులు చేయబడి, ఉప్పు, సిర్కా కలిపిన పీపాలలో విదేశములకు పోవుచున్నవి.

మఱియొక మాట. ఒలీవలు కడిగిన సోడానీరు, ఉప్పునీరు పొలములోనికి పోయినచో నేల చవుడు బాఱును. స్పెయినులో ఆ నీటిని ప్రత్యేకపు మడుగులలో నిలిపి యెండగట్టుట కలదు. ఊరగాయ కేంద్రము పెట్టదలచిన సంఘము, ఉప్పునీరు ఎవరి బావిలోనికి ఇంకునో ముందే ఆలోచించవలెను.

ఆ నలువది సీసాలు

పుస్తకము మూసి మఱునాడే మేము ఆ గ్రామమునకు తిరిగి పోతిమి. లేత మొక్కజొన్నకు పులుపు లేదు, మునగకాడకు లేదు. నీరు పలుచని ఉప్పుది. వేడి గుండిగలోని మరుగు వేడి. మూత బిగువైనది. అనగా పులుపు, ఉప్పు, వేడి అను ముగ్గురు కావలివాండ్రలో ఒక్కడును ఆ సీసాల యొద్ద లేడు. ఆ సంగతి సభలో చెప్పితిమి.

సరకు నిచ్చిన రైతు సోదరి లేచి, "మీరే బాగున్నదంటిరి గదా అయ్యా, ఇప్పుడు మా చేని పంటను గుంటలో పూడ్చుమందురా?" అనెను. ఆమె మాట న్యాయమైనదే. "అమ్మా, నిన్న మేము తెలియక తల యూపితిమి. తప్పు మాది" అని ఒప్పుకొంటిమి. సీసా తెఱచి రుచిచూచి బాగున్నవాటిని అమ్ముదమని ఒకరనిరి. రుచికి తెలియని విషమునకు రుచిచూచుట పరీక్ష కాదని చెప్పితిమి. చివరకు ఆ వృద్ధరైతే, "సీసామీద ఉండునది ఒకరి పేరు కాదు, మనందఱి పేరు" అనెను. సీసాలను తెఱువకయే లోతుగా పాతిపెట్టితిమి. సరకు వెలను సంఘము కొంత, మేము కొంత ఆమెకు చెల్లించితిమి.

ఇప్పుడు ఆ సంఘమువారు మామిడి, నిమ్మ ఊరగాయలతోనే ఆరంభించిరి. వీనికి పులుపు పుట్టుకతోనే యున్నది, ఉప్పు మనము వేయుదుము. పైన పోయు నూనె గాలిని ఆపునేగాని ఈ విషమును ఆపదు. కావుననే పులుపు లేని వెల్లుల్లిని పచ్చిగా నూనెలో ముంచి సీసాలలో నిలువయుంచుట అపాయకరము. లేత మొక్కజొన్నను అమ్మవలెనన్నచో సిర్కాతో పులుపు చేర్చి, ఆ పులుపును కొలచు సాధనముతో 4.6 అను అంకెకు దిగువనున్నదని ప్రతి వాయికిని చూచుకొనవలెను. ఈ కొలతలో అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. పులుపు వలదన్నచో ఆవిరి ఒత్తిడి యంత్రము, దాని నెఱిగిన మనిషి ఉండవలెను. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు ఇట్టి పనులలో శిక్షణ నిత్తురు. అమ్ముటకుముందు 2006 నాటి ఆహార భద్రతా చట్టముక్రింద నమోదు గాని, లైసెన్సు గాని పొందుట విధి.

ఒలీవ మన పంట కాదు. ఐనను ఆ చేదుకాయను అమ్ముకొని బ్రతుకు రైతులు వందలయేండ్లుగా నేర్చినది మనకును చెల్లును. పాత్ర బిగించుటకు ముందు లోపల కావలి యెవరని అడుగవలెను. సభ్యులెవరైనను క్రొత్త సరకును సీసాలో పెట్టదలచినచో, మూత బిగింపకముందే మమ్ము పిలుతురుగాక. ఈమారు పుస్తకము చూచిన పిమ్మటనే తల యూపుదుము.